గోడ మీద వాలిన పురుగుకీ చెరువులో జమ్ముకీ సంబంధం ఏటి?

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండుసార్లు చదివాను. పద్మనాభం దగ్గర మీ ఊరు, ఇంటి ముందు చెరువు, అందులో సగం జమ్మే, గట్టు దాటితే మీ మూడెకరాల స్వర్ణ వరి. వారం రోజులుగా రాత్రి లైటు వేస్తే చాలు గోడంతా పసుపువీ తెల్లవీ రెక్కల పురుగులు, పొద్దున్న వాకిలి తుడిస్తే చేటెడు వస్తన్నాయి. ఊళ్ళో పెద్దాళ్ళేమో ఇవన్నీ జమ్ములో పుట్టి వరి మీద పడతన్నాయి, నీళ్ళు తగ్గగానే జమ్ము తగలబెట్టీమంటన్నారు, మందుల షాపతనేమో రేపే స్ప్రే కొట్టీమన్నాడు, నువ్వు ఏది చెయ్యాలో తెలీక ఆగావు. ఆగడం మంచిదైంది.

ముందే చెప్పేస్తున్నా, జమ్ము తగలబెట్టొద్దు, గోడ మీద పురుగుల్ని చూసి స్ప్రే కొట్టొద్దు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతాది, టీ పెట్టుకుని కూర్చో. నేను ముప్పై ఏళ్ళు పొలాల గట్ల మీద తిరిగినోణ్ణి, ఇప్పుడు గోపాలపట్నంలో ఇంట్లో కూర్చుని మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, లైటు వేసి, ఏ పురుగులొస్తాయో చూసుకోడం నా కాలక్షేపం, మా ఇంటావిడ దీనికి పెట్టిన పేరు ఇక్కడ రాయలేను.

నీ ఫోటోలో ఉన్నవి ఒక రకం కాదు. మధ్యలో ఉంది చూడు, పండిన గడ్డి రంగు పసుపు, ముందు రెక్క ఒక్కో దాని మీద నడిమధ్యన ఒకే ఒక్క నల్ల చుక్క, ఎవరో పెన్నుతో చుక్క పెట్టినట్టు, అది వరి కాండం తొలుచు పురుగు ఆడది. దాని పక్కన కాస్త చిన్నగా, మట్టి రంగులో, రెక్క మీద వాలుగా మసక గీత, అంచున చిన్న చిన్న చుక్కలు ఉన్నది దాని మొగుడే, చాలామంది దాన్ని వేరే పురుగు అనుకుంటారు. శాస్త్రీయ నామం స్కిర్పొఫాగా ఇన్సర్టులాస్, 1863లో వాకర్ అనే ఆయన పేరు పెట్టాడు, పాత పుస్తకాల్లో ట్రైపోరైజా అని కూడా ఉంటాది, రెండూ ఒకటే, కంగారు పడకు.

ఇక పై మూలన తెల్లగా మల్లెపువ్వులా ఉండి తోక దగ్గర నారింజ రంగు కుచ్చు ఉన్నది చెరకు మొవ్వు తొలిచే పురుగు, స్కిర్పొఫాగా ఎక్సెర్ప్టాలిస్, దానికి నీ వరితో పని లేదు. మీ చుట్టుపక్కల ఎవరో చెరకు వేసి ఉంటారు, వెళ్ళి చూడు, విప్పుకున్న ఆకు మీద అడ్డంగా వరసగా చిల్లులుంటాయి, చిన్నప్పుడు కాగితం మడతపెట్టి సూదితో ఒక్క పోటు పొడిచి విప్పితే చిల్లులు వరసలో పడేవి చూడు, అచ్చం అలాగే, ఎందుకంటే పురుగు లోపలికి వెళ్ళేటప్పుడు ఆకు ఇంకా చుట్ట చుట్టుకునే ఉంటాది, అది ఒకేచోట తొలిచినా విప్పుకున్నాక పది చిల్లులు. అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో మొదలైంది, ఆ వైపు రైతుల్ని ఎవర్ని అడిగినా ఈ చిల్లులు చూసి పురుగేదో చెప్పేస్తారు. ఆ పురుగుకి కూడా చాలాకాలం పుస్తకాల్లో తప్పు పేరే నడిచింది, పక్క జాతి నివెల్లాతో కలిపేసి రాసేవారు, 1981లో లెవానిచ్ అనే శాస్త్రవేత్త ఈ కుటుంబాన్నంతా మళ్ళీ కూర్చుని విడదీశాకే లెక్క తేలింది. అందుకే నీ ఫోటోలో తోక కుచ్చు కనపడని ఆ మిగతా రెండు తెల్లవాటికి నేను పేరు చెప్పను. ఈ తెల్ల రకాల్ని రెక్కలు చూసి తేల్చడం కుదరదు, పొట్ట చివర భాగం తీసి మైక్రోస్కోపు కింద పెట్టాలి, ఎవరైనా ఫోన్ ఫోటో చూసి ఇది ఫలానా అని గట్టిగా చెప్పేస్తే కాస్త దూరంగా ఉండు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. ఆ స్కిర్పొఫాగా అన్న పేరు ఉంది చూడు, దాని అర్థమే తుంగజాతి మొక్కల్ని తినేది అని. ఆ పేరు 1832లో యూరప్‌లో పెట్టారు, అక్కడ ఈ కుటుంబం వాళ్ళు నీటి ఒడ్డున పెరిగే తుంగ కాడల్లో బతుకుతారు కాబట్టి. అంటే మీ పెద్దాళ్ళు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఈ కుటుంబం పుట్టుకే చిత్తడి నేలల్లో. కానీ మిగతా సగం తప్పు. ఈ కుటుంబంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కంచం. తుంగలో బతికేది తుంగలోనే బతుకుద్ది, చెరకుది చెరకులోనే, రెల్లుది రెల్లులోనే, నీ పసుపుదానికి వరే దిక్కు, వరి లేకపోతే వరికి చుట్టమైన అడవి వరి. జమ్ములో గుడ్డు పెట్టినా పిల్ల బతకదు. నువ్వు చెరువు మొత్తం తగలబెట్టి బూడిద చేసినా నీ చేలో ఒక్క పురుగు తగ్గదు.

మరి రాత్రి అవి జమ్ము వైపు నుంచే వస్తన్నాయి కదా అంటావు. మీ ఇంటి లైటు ఎటు మొహం పెట్టి ఉందో చూసుకో ఒకసారి. చెరువు మీదకి ఉండుంటాది. చెరువు అవతల చేను. చేలోంచి లేచిన పురుగు లైటు చూసి నీళ్ళ మీంచి, జమ్ము మీంచి ఎగిరొస్తాది, నీకు కనపడేది ఆఖరి ఇరవై గజాలు మాత్రమే.

ఇంకో మాట, గోడ మీద ఉన్నది నీ పంట తినదు. అసలేమీ తినదు. దానికి పనికొచ్చే నోరే లేదు, పురుగుగా ఉన్నప్పుడు తిన్నదే ఖర్చు పెట్టుకుంటా నాలుగైదు రోజులు, మహా అయితే ఇంకో రెండు మూడు రోజులు బతికి, జత కట్టి, గుడ్లు పెట్టి పోతాది. నువ్వు పొద్దున్న చేటతో ఎత్తిపోసేవి చాలావరకు పని అయిపోయినవే. పిల్లలకి కరుస్తాయా అని మీ ఆవిడ భయపడతందని రాశావు, కరవడానికి నోరుండాలి కదా, భయం లేదని చెప్పు.

చేసే నష్టమంతా లోపల జరుగుద్ది, అందుకే ఇది ఇంత మొండి పురుగు అయింది. ఒకసారి దగ్గరగా చూడు, నీకే అర్థమవుద్ది. ఆడది సాయంత్రం పూట వరి ఆకు కొస దగ్గర కూర్చుని గుడ్లు కుప్పగా పెడతాది, ఒక్కో కుప్పలో యాభై నుంచి ఎనభై, ఒక్కోసారి వంద దాటి. పెట్టాక దాని తోక దగ్గరున్న మెత్తటి నూగుని తీసి పైన పరిచేస్తాది. చూడ్డానికి వేలి గోరులో సగమంత గోధుమ రంగు ఊలు ముక్క ఎవరో ఆకుకి అంటించినట్టు ఉంటాది. రెండు మూడు కుప్పలు పెట్టేసిన ఆడదాన్ని పట్టుకుని చూస్తే తోక బోడిగా ఉంటాది, బిడ్డల మీద కప్పడానికి తన ఒంటి మీద బట్ట విప్పి ఇచ్చేసింది పాపం. పాపం అన్నానని నవ్వకు, ముప్పై ఏళ్ళు దాన్ని చంపే మందులు చెప్పినా ఆ ఒక్క పని చూసినప్పుడు మాత్రం నాకు అలాగే అనిపించేది.

వారం లోపు గుడ్లు పగిలి పిల్లలు బయటకొస్తాయి, ఆవగింజ కన్నా సన్నం, తల నల్లగా ఉంటాది. అవన్నీ ఒకే మొక్క మీద ఉండిపోతే తిండి చాలదు కదా, ఒక్కో పిలకకి సాధారణంగా ఒక్క పురుగే ఉండాలి. అందుకని ఆకు కొసకి పాకి నోట్లోంచి పట్టుదారం వదిలి కిందకి వేలాడతాయి, గాలి వీచిందంటే ఊయల ఊగినట్టు ఊగి పక్క దుబ్బు మీదకి పోతాయి. కొన్ని నీళ్ళలో పడతాయి, పడినా మునగవు, తేలుకుంటా పోయి ఏదో ఒక కాడ పట్టుకుంటాయి. కాస్త పెద్దయ్యాక ఉన్న పిలక అయిపోతే చేసే పని ఇంకా గమ్మత్తు. ఆకు ముక్క కత్తిరించి, గొట్టంలా చుట్టుకుని, అందులో కూర్చుని నీళ్ళ మీదకి జారి వేరే దుబ్బుకి పోతాది. మా పిల్లలు చిన్నప్పుడు కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువుకి తీసుకెళ్తే అక్కడ తాటి మానుని తొలిచి చేసిన దోనెలో కూర్చోబెట్టి తామరాకుల మధ్యనుంచి తిప్పేవాడు ఒక తాత. ఈ పురుగు చేసేది అదే పని, తొలిచిన బోలు గొట్టం, అందులో ఒక్కడు. యూరప్‌లో దీని దూరపు చుట్టం ఒకటుంది, షీనోబియస్ జైగాంటెల్లా అని, అది నీటి రెల్లులో నీళ్ళ మట్టానికి కింద తొలుచుకుని బతుకుద్ది, అదీ రెల్లు ముక్క కొరికి దాన్నే పడవ చేసుకుని ఇంకో కాడకి పోతాది. ఈ వంశం మొత్తానికి పడవ కట్టడం వచ్చన్నమాట. (నీ చేలో ఇంకో పురుగు కూడా ఇలాగే ఆకు గొట్టంలో నీళ్ళ మీద తేలుతా కనపడొచ్చు, దానికి ఒళ్ళంతా దారాల్లాంటి మొప్పలుంటాయి, అది ఆకు పచ్చదనం గీరి తినేది, కాండం జోలికి పోదు, దాన్ని చూసి దీన్ని అనుకోకు.)

కాడ దొరికాక ఆకు తొడుగుకీ కాండానికీ మధ్య దూరి, అక్కడ రెండు మూడు రోజులు గీరి, తర్వాత చిన్న బొక్క చేసుకుని లోపలికి పోయి కూర్చుంటాది. ఇక మూడు నాలుగు వారాలు బయటకి రాదు. లేత పసుపు తెలుపు ఒళ్ళు, గోధుమ రంగు తల, బాగా పెరిగితే రెండు సెంటీమీటర్లు. నువ్వు పైనుంచి ఎంత మందు కొట్టు, ఎన్ని ట్యాంకులు కొట్టు, అది లోపల ఏసీ రూములో కూర్చున్నట్టు కూర్చుని ఉంటాది. అది ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు గూట్లో నిద్రపోయే దశ, అయ్యేముందు చేసే పని చూస్తే ఇంజినీరు కూడా మెచ్చుకోవాలి, రెక్కలొచ్చాక కొరకడానికి నోరుండదని ముందే తెలిసినట్టు, పురుగుగా ఉండగానే కాండం అడుగున గుండ్రటి గుమ్మం తొలిచి, పైన పల్చటి పొర ఒక్కటి మాత్రం వదిలేసి, ఆ తర్వాతే తెల్ల పట్టుగూడు కట్టుకుని పడుకుంటాది. రెక్కలొచ్చాక తలతో ఒక్క తోపు తోస్తే చాలు తలుపు తెరుచుకుంటాది.

పిలకలు పెట్టే రోజుల్లో ఇది తొలిస్తే నడిమి మొవ్వు ఎండిపోద్ది, చుట్టూ ఆకులు పచ్చగానే ఉంటాయి. ఆ మొవ్వు పట్టుకుని లాగితే చేతిలోకి ఊడొచ్చేస్తాది, అడుగున కొరికిన గుర్తు, కాస్త కుళ్ళిన వాసన. ఆ దశలో కొంత పోయినా పెద్దగా ఏడవక్కర్లేదు, మొక్క కొత్త పిలకలు పెట్టి పూడ్చుకుంటాది. పొట్ట దశలో, అంటే కంకి ఇంకా కాండం లోపలే ఉన్నప్పుడు, దూరితే మాత్రం పూడ్చుకోడానికి టైము ఉండదు, కంకి బయటకొచ్చినప్పుడు తెల్లగా, నిటారుగా, గింజ పట్టకుండా నిలబడిపోద్ది. మంచి కంకి బరువుకి వంగుతాది, ఇది తల దించదు. అదీ లాగితే ఊడొచ్చేస్తాది. ఊడి రాకపోతే ఆలోచించు, మెడ దగ్గర కణుపు నల్లబడి విరిగి ఉంటే అది మెడ విరుపు తెగులు, పురుగు కాదు. అడుగున ఏటవాలుగా కత్తితో కోసినట్టుంటే ఎలుక. మొవ్వు బదులు ఉల్లికాడలా తెల్లటి గొట్టం వస్తే ఉల్లికోడు. వీటన్నిటికీ ఒకే డబ్బా మందు చూపించేవాడి దగ్గర కొనకు.

ఈ మాట నా అనుభవంతోనే చెప్తన్నాను. చాలా ఏళ్ళ కిందట, మా నాన్నగారి పొలంలోనే, ఆ ఏడు వానలు ఆలస్యమై ఉభాలు ఆగస్టు ఆఖరుకి గానీ అవ్వలేదు. ఉద్యోగంలో కొత్త, ఊరందరికీ సలహాలు చెప్పేవాణ్ణి, నా చేలో తెల్ల కంకులు కనపడేసరికి పరువు పోతాదని కంగారు పట్టుకుంది. టౌన్లో ఒక షాపుకి పోతే ఆయన రెండు రకాలు కలిపి కొట్టమని ఇచ్చాడు, పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాను. తెల్ల కంకి మళ్ళీ పచ్చబడదు కదా, అది చచ్చిపోయిన కంకి, దానికి వైద్యమేటి. ఆ కొట్టినదాంట్లో ఒకటి పైరెత్రాయిడ్ మందు, దాంతో చేలో సుడిదోమని తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు అన్నీ పోయాయి, మూడో వారానికి వరి రసం పీల్చే ఆ సుడిదోమ లేచి చేను మధ్యలో గుండ్రంగా చాపలేసినట్టు మాడిపోయింది. పురుగు తీసినదానికంటే నేను తీసిందే ఎక్కువ. మా నాన్న ఏమీ అనలేదు, నూర్పుల రోజు బస్తాలు లెక్కపెట్టి నా వైపు ఒక చూపు చూశాడంతే.

కాబట్టి నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది ముందు లెక్క. గోడ మీద కాదు, చేలో. పొద్దున్నే మంచు ఆరక ముందు వెళ్ళు, ఆ టైముకి అవి బద్ధకంగా ఆకుల మీద కూర్చుని ఉంటాయి. గట్టు వెంబడి కాకుండా లోపలికి నడిచి, ఓ పది పదిహేను చోట్ల చదరపు మీటరు చొప్పున చూడు. చదరపు మీటరుకి ఒక తల్లి పురుగు గానీ ఒక గుడ్ల కుప్ప గానీ సగటున కనపడితే అప్పుడు మందు గురించి మాట్లాడదాం, పిలకల దశలో అయితే నూటికి ఐదు మొవ్వులు చచ్చిపోవడం కూడా లెక్కలోకి వస్తాది. అంతకంటే తక్కువుంటే డబ్బులు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చీ. లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన ఎరగా పెట్టినవి, ఎకరాకి మూడు పెట్టుకో, పైరు కంటే అడుగు ఎత్తున ఉండాలి, పైరు పెరిగేకొద్దీ బుట్టనీ పైకి జరపాలి, చాలామంది మొదట పెట్టిన చోటే వదిలేస్తారు, తర్వాత అది వరి ఆకుల్లో మునిగిపోయి పురుగు పడట్లేదని సంబరపడతారు. అందులో పడేవి మగవే, వాటిని చంపడం కోసం కాదు, ఎప్పుడు ఉధృతి పెరిగిందో తెలుసుకోడం కోసం. బుట్టకి వారానికి పాతిక ముప్పై దాటాయంటే రాబోయే వారంలో గుడ్లు బాగా పడతాయని అర్థం.

ఆ గుడ్ల కుప్పలు దొరికితే తెంపి నలిపీకు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. ఆ కుప్పల్లో చాలావాటిలో లోపల అప్పటికే కందిరీగకి మనవడంత చిన్న పరాన్నజీవులు ఉంటాయి, టెట్రాస్టికస్ అనీ, టెలెనోమస్ అనీ, ట్రైకోగ్రామా అనీ. వాటిని కూడా నలిపేస్తే మన సైన్యాన్ని మనమే చంపుకున్నట్టు. ఏం చేస్తావంటే ఆకు కొసలు తెంపి, ఒక గ్లాసులో వేసి, ఆ గ్లాసుని సబ్బునీళ్ళున్న పళ్ళెం మధ్యలో నిలబెట్టి చేను గట్టున పెట్టు. పురుగు పిల్లలు బయటకొస్తే పాకి కిందకి దిగి నీళ్ళలో పడి చస్తాయి, రెక్కలున్న ఆ చిన్న కందిరీగలు మాత్రం ఎగిరి మళ్ళీ చేలోకి పోతాయి. ఒక గుడ్ల కుప్ప తీసి గాజు సీసాలో పెట్టి మీ పిల్లాడికి చూపించు, పసుపు పురుగు గుడ్లోంచి నల్లటి మెరుపు ఈగ బయటకి రావడం వాడు జీవితంలో మర్చిపోడు. ట్రైకోకార్డులు, అంటే ఆ చిన్న కందిరీగలు లోపల పెరిగే గుడ్లు అంటించిన అట్టలు, దొరికితే ట్రైకోగ్రామా జపానికం అని అడిగి తెచ్చుకో, ఎకరాకి ఇరవై వేల గుడ్లు చొప్పున వారం వారం కట్టుకుంటా పోవాలి, అవి కట్టిన చేలో స్ప్రే మాత్రం కొట్టకూడదు, రెండూ చేసేవాళ్ళని చూశాను.

లెక్క దాటిందనుకో, నీది చిరుపొట్ట దశ అని రాశావు కాబట్టి ఇప్పుడు గుళికల టైము దాటిపోయింది. గుళికలు పిలకల దశలో, నీళ్ళు పల్చగా నిలబెట్టి వేసేవి, కార్టాప్ 4జీ అయితే ఎకరాకి 8 కిలోలు, క్లోరాంట్రానిలిప్రోల్ 0.4 గుళికలైతే 4 కిలోలు, వచ్చే ఏడాదికి గుర్తుంచుకో. పొట్ట దశలో స్ప్రేయే దారి, క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎకరాకి 60 మిల్లీలీటర్లు 200 లీటర్ల నీళ్ళలో, లేదా కార్టాప్ 50 పొడి లీటరుకి 2 గ్రాములు, రెంట్లో ఒకటి, ఒక్కసారి. బుట్టలో పురుగులు ఎక్కువ పడిన రోజు నుంచి వారం పది రోజుల్లోపు కొట్టాలి, పిల్ల గుడ్లోంచి బయటకొచ్చి కాండంలోకి దూరే లోపల ఉన్న ఆ నాలుగు రోజులే నీ చేతికి అందే టైము. మందు కొట్టిన తర్వాత ఓ వారం పాటు ఆ మడి నీళ్ళు చెరువులోకి వదలకు, గండి కట్టేసి ఉంచు, ఈ మందులు చేపలకీ నీటి పురుగులకీ మంచివి కావు, చెరువు మీ ఊళ్ళో వాళ్ళు వాడుకునేదే కదా.

యూరియా సంగతి కూడా అడగాలి నిన్ను. ఆకు నల్లపచ్చగా, ముద్దుగా ఉండాలని ఎక్కువ వేశావేమో, మెత్తగా ఉన్న కాండం అంటే దీనికి ప్రాణం. వచ్చే ఏడు మూడు దఫాలుగా వేసుకో. ఇక ఈ పురుగుని పూర్తిగా తట్టుకునే రకం ఏదని అడిగేవు, అలాంటిది రైతు చేతికి ఇంకా రాలేదు, షాపుల్లో తట్టుకుంటాది అని అమ్మేవన్నీ కాస్తో కూస్తో ఓర్చుకునేవే.

ఇప్పుడు జమ్ముకొద్దాం, ఎందుకంటే మీ ఊళ్ళో అసలు గొడవ అదే. జమ్ములో మాత్రం తొలిచే పురుగులు ఉండవా అంటే ఉంటాయి, యూరప్‌లో నొనాగ్రియా టైఫే అనే పెద్ద చిమ్మట ఒకటుంది, దాని పురుగు జమ్ము కాడ లోపలే పెరిగి అందులోనే ప్యూపా అవుద్ది. జమ్ము కాడలు కోసి చూస్తే మీకూ ఏదో ఒకటి దొరకొచ్చు. దొరికినంత మాత్రాన అది వరి పురుగు అయిపోదు. పెద్దాళ్ళని ఒప్పించాలంటే వాదించకు, వాళ్ళనే చెరువు దగ్గరికి తీసుకెళ్ళు. ఎండిన మొవ్వున్న జమ్ము కాడలు ఓ ఇరవై, మొవ్వు చచ్చిన వరి పిలకలు ఓ ఇరవై తెచ్చి వాళ్ళ ముందే చీల్చు. వరిలో దొరికే పురుగు తెల్లగా పసుపుగా ఉంటాది. గులాబి రంగులో లావుగా ఉంటే అది ఇంకొకటి, సెసామియా, దానికి మాత్రం వరి, చోడి, చెరకు, మొక్కజొన్న, గడ్డిజాతుల్లో చాలా నడుస్తాయి, అదొక్కటే నీ చుట్టుపక్కల గడ్డిని అనుమానించదగ్గ పురుగు. దాని తల్లి పురుగు గుడ్లు నూగుతో కప్పదు, ఆకు తొడుగు లోపల వరసగా పెడతాది.

పెద్దాళ్ళకి ఏదో ఒకటి పీకి పారేసే పని కావాలంటే నివ్వరి, అంటే ఇందాక చెప్పిన అడవి వరి, చూపించు. చెరువు అంచున, మురుగు కాలవల్లో వరిలాగే ఉండి, గింజకి పొడుగ్గా మీసాలుండి, గింజ పండగానే రాలిపోతాది చూడు, అదే. మన పసుపు పురుగు వరి లేని రోజుల్లో తలదాచుకునేది దాంట్లో, ఇంకా కోత అయిపోయిన చేలో కొయ్యకాళ్ళలో. ఊరు ఊరంతా జమ్ము వైపు చూస్తా ఉంటే పురుగేమో వాళ్ళ కాళ్ళ కింద, కోసేసిన మోడులో, నేలకి రెండు వేళ్ళ లోతులో నిద్రపోతా ఉంటాది. అందుకని కోతప్పుడు కొడవలి నేలకి ఆనించి కోయించు. మన వైపు వరి చేలోనే మినుము వెదజల్లేస్తాం కాబట్టి వెంటనే దున్నడం కుదరదు, మినుము తీశాక వేసవిలో మాత్రం తప్పకుండా దున్నీ, కొయ్యకాళ్ళు పైకి తేలి ఎండకి మాడాలి. మీ పక్క చేల వాళ్ళు కూడా అదే వారం దున్నితే ఇంకా మంచిది, నీ ఒక్కడి చేనే దున్ని పక్కవాడు వదిలేస్తే ఆ పురుగుకి నీ గట్టు అడ్డం కాదు.

తగలబెడితే ఏమవుద్దో కూడా చెప్తాను, ఎవరైనా అడిగితే చెప్పడానికి. జమ్ము దుంపలు బురదలో ఉంటాయి, పైన కాలిపోయినా దుంపకి ఏమీ కాదు, వానలు పడగానే ఇంకా చిక్కగా లేస్తాది. మరీ చెరువు పూడిపోయి జమ్ము తగ్గించాలనే ఉంటే నీళ్ళున్నప్పుడే కాడని నీటి మట్టానికి కింద కోసి, కోసిన మొదలు నీళ్ళలో మునిగే ఉండేలా చూడు. జమ్ము కాడ లోపల గాలి గదులుంటాయి, ఆ గాలితోనే బురదలో దుంప ఊపిరి తీసుకుంటాది, పైన తల పోయి మొదలు మునిగితే దుంప ఊపిరాడక కుళ్ళుతాది. అది కూడా చెరువు మొత్తం చెయ్యకు, ఓ పక్క వదిలీ. సంధ్యవేళ ఆ జమ్ము కొసల మీద వరసగా కూర్చునే తూనీగలు, దాని మధ్య గూళ్ళు అల్లే సాలీళ్ళు, పొద్దున్నే నీ గట్టు మీదకి దిగే కొంగలు, నీ గోడ మీదకి రాకముందే ఎన్ని పురుగుల్ని తింటన్నాయో నువ్వు లెక్కపెట్టలేవు. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరు 12 తర్వాత, మా ఏరియాలో రోజుల తరబడి కరెంటు లేదు, రాత్రిపూట మేడ మీద కూర్చుంటే గోడ మీద ఒక్క పురుగు లేదు, ఇంటావిడ పురుగులన్నీ తుపానుకి కొట్టుకుపోయాయి అంది. కరెంటు వచ్చిన రాత్రే మళ్ళీ గోడంతా వాలాయి. పురుగులు ఎక్కడికీ పోలేదు, లైటు లేదంతే.

మీ ఇంటి బాధకి కూడా అదే మందు. ఆ తెల్ల ట్యూబ్‌లైటు తీసి పసుపు కాంతి ఎల్ఈడీ పెట్టు, చెరువు వైపు కాకుండా నేల వైపు తిప్పు, పది దాటాక ఆర్పీ. పురుగు తగ్గకపోతే మళ్ళీ నన్ను అడుగు.

ఇంక రేపు పొద్దున్న చేలోకి వెళ్ళినప్పుడు ఎండిన పిలకలు పది తెంపి వేరుగా ఫోటో తియ్యి. కాండం అడ్డంగా కొయ్యకు, లోపల పురుగు రెండు ముక్కలై రంగు తెలీదు. బ్లేడుతో నిలువునా, మొదలు నుంచి పైకి, సగం లోతు మాత్రమే గీసి గోరుతో విప్పు. పసుపా, గులాబియా, ఖాళీ గూడా అన్నది కనపడేలా పెట్టు, ఖాళీగా ఉంటే అడుగున గుండ్రటి గుమ్మం తెరిచి ఉందో మూసి ఉందో కూడా చూసి రాయి.